పనికి మెప్పు, పనివారికి వాటా

జనవరి 26న గానీ ఆగస్టు 15న గానీ మన జిల్లా కేంద్రాల్లో పరేడ్ గ్రౌండ్‌కు వెళ్లినవాళ్లందరికీ ఈ కార్యక్రమం తెలుసు. జెండా ఎగరేయడం అవుతుంది, కవాతు అవుతుంది, శకటాలు ఒకటొకటిగా వేదిక ముందు నుంచి వెళ్లిపోతాయి, బడిపిల్లల నృత్యాలు ముగుస్తాయి. అప్పుడు మైకులో పేర్లు చదవడం మొదలవుతుంది. రెవెన్యూ, వైద్యం, విద్యుత్తు, పంచాయతీరాజ్, పోలీసు... ఇలా శాఖలవారీగా ఉద్యోగులు వరుసలో వచ్చి ప్రశంసాపత్రం అందుకుంటారు. ఒక్కొక్కరికి దొరికేది కొన్ని సెకన్లు. నమస్కారం పెట్టడం, కెమెరా వైపు ఓ చూపు చూడటం, మెట్లు దిగడం. వెనకాల ఇంకా చాంతాడంత వరుస ఉంటుంది మరి.

ఆ పత్రాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు భార్యాబిడ్డలు షామియానా కింద కూర్చుని, తమ మనిషి పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి వింటారు. ఆ సంతోషం నిజమైనది. నా బాధల్లా ఆ కాగితంలో రాసినదాని గురించే. పేరుకు ఒక ఖాళీ, హోదాకు ఒక ఖాళీ, కార్యాలయానికి ఒక ఖాళీ. మిగతా వాక్యం అందరికీ ఒకటే. విధి నిర్వహణలో ఉత్తమ సేవలు అందించారని ఉంటుంది. ఆ ఉత్తమ సేవ ఏమిటో రాయడానికి చోటుండదు. గాలివానకు స్తంభాలు కూలితే నడుంలోతు నీళ్లలో వెళ్లి తెల్లారేలోగా ఊరికి కరెంటు తెచ్చిన లైన్‌మన్‌కూ అదే వాక్యం. ఈసారి మన సెక్షన్ వంతు కదా అని పేరు పంపిన గుమాస్తాకూ అదే వాక్యం. ఇంటికెళ్లాక కూతురు “నాన్నా, ఇది దేనికిచ్చారు?” అని అడిగితే ఆ లైన్‌మన్ తన నోటితో తానే చెప్పుకోవాలి. తన గొప్ప తాను చెప్పుకోవాలంటే మనవాళ్లకు ఎంత మొహమాటమో మీకు తెలుసు. “ఏదో ఇచ్చార్లే అమ్మా” అని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

రెండు లైన్లు అదనంగా రాస్తే చాలు. ఏ ఊళ్లో, ఏ రాత్రి, ఏం చేశాడు. పేరు ప్రతిపాదించే అధికారి ఆ రెండు లైన్లు రాయలేకపోతే ఆ పేరు పంపకూడదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే జాబితా దానంతటదే తగ్గుతుంది. మైకులో పేరుతోపాటు పని కూడా వినిపిస్తుంది. ఆ షామియానా కింద కూర్చున్న పిల్లలకు అంతకంటే కావలసింది ఏముంది?

మనకు అలవాటైన ఇంకో సందర్భం పదవీ విరమణ సభ. శాలువా, గజమాల, జ్ఞాపిక, చివర్లో ఫలహారాలు. ముప్పై ఏళ్లు ఒకే శాఖలో పనిచేసిన మనిషి గురించి ఆ సాయంత్రం ఒక్కొక్కరూ లేచి ఎంత బాగా చెబుతారో. ఫైలు ఆయన చేతిలో పడితే ఆగేది కాదంటారు, కొత్తగా చేరిన మాకు నోటింగ్ రాయడం ఆయనే నేర్పారంటారు. వింటున్న మనిషి కళ్లు చెమరుస్తాయి. ఆ మాటల్లో సగమైనా పదేళ్ల ముందు విని ఉంటే, ఏ మెమో అందుకున్న రోజునో, ఏ బదిలీ మీద వచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చున్న రోజునో విని ఉంటే ఆయన ఉద్యోగ జీవితం ఎంత తేలికపడేదో కదా. తప్పు చేస్తే మెమో ఆ వారమే వస్తుంది. మెప్పు మాత్రం చివరి రోజు దాకా ఆగాలా?

మెప్పు ఎలా ఉండాలో చూడాలంటే నేను ఆర్టీసీ డిపో వైపు చూస్తాను. అక్కడ కేఎంపీఎల్ అని ఒక లెక్క ఉంది. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నదే ఆ లెక్క. మామూలుగా అది ఐదు చుట్టుపక్కల తిరుగుతుంటుంది. రోజుకు మూడువందల కిలోమీటర్లు తిరిగే బస్సులో ఐదుకు బదులు ఐదున్నర తెచ్చాడంటే, ఆ డ్రైవరు ఒక్క రోజులో ఐదు లీటర్లకు పైగా మిగిల్చినట్టు. ఎలా తెస్తాడు? దూరాన స్టాపు కనబడగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాడు. బండి తన ఊపుతో తాను వస్తుంది, చివర్లో బ్రేకు తాకిస్తాడంతే. క్లచ్ మీద కాలు ఆనించి నడపడు. బస్టాండులో ప్లాట్‌ఫామ్ మీద పెట్టగానే ఇంజన్ ఆపేస్తాడు. పొద్దున బండి తీసే ముందు చుట్టూ తిరిగి టైర్లలో గాలి చూసుకుంటాడు. వెనక సీట్లో కునుకు తీసే ప్రయాణికుడికి ఇవేవీ తెలియవు. ఆయన నిద్ర చెడలేదంటే కారణం మాత్రం ఇవే.

ఎక్కువ కేఎంపీఎల్ తెచ్చిన డ్రైవర్లను డిపోలో అందరి ముందూ పిలిచి సన్మానిస్తారు. ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా నడిపినవాళ్లకు అవార్డులుంటాయి. దేశంలోని రోడ్డు రవాణా సంస్థల సమాఖ్య కూడా ‘హీరోస్ ఆన్ ద రోడ్’ పేరుతో అలాంటి డ్రైవర్లను సత్కరిస్తుంది. దేనికిచ్చారని కూతురు అడిగితే ఈ డ్రైవరు తడుముకోనక్కర్లేదు.

అయితే ఈ లెక్కలోనూ జాగ్రత్త ఉండాలి. ఊరూరా ఆగే పల్లెవెలుగును, హైవే మీద సాగే ఎక్స్‌ప్రెస్‌ను ఒకే వరుసలో పెట్టి పోల్చితే అన్యాయం. గోతుల రోడ్డు రూటుకూ, నున్నటి రోడ్డు రూటుకూ అంతే. అదీగాక ఆ ఐదున్నరలో డ్రైవరు ఒక్కడి కష్టమే లేదు. రాత్రి గ్యారేజీలో ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, బ్రేకులు పట్టేయకుండా సరిచేసిన మెకానిక్కుకు, అతనికి సాయపడే శ్రామిక్కుకు కూడా అందులో పాలుంది. వాళ్లు ప్రయాణికుడికి కనిపించరు, వేదిక మీదకూ అరుదుగా వస్తారు. ఇంకో సంగతి. డీజిలు మిగలడమే లక్ష్యమని గట్టిగా తరిమితే, చెయ్యెత్తిన ముసలమ్మ కోసం ఆపకుండా దాటేసి పోవాలన్న ఆశ పుట్టవచ్చు. ఆపిన ప్రతిసారీ డీజిలు ఖర్చే కదా. కాబట్టి ఆ నంబరు పక్కన ప్రయాణికుల మాట కూడా వినే అధికారి ఉండాలి.

ప్రమాదం లేకుండా నడిపిన డ్రైవరు గురించి ఆలోచిస్తే నాకు బొగ్గు గనులు గుర్తొస్తాయి. సింగరేణి భూగర్భ గనుల్లో మైనింగ్ సర్దార్ ఉంటాడు. కార్మికులు పనిలోకి దిగేముందు పని స్థలం చూసి, గ్యాస్ పరీక్షించి, పైకప్పు తనిఖీ చేయడం ఆయన బాధ్యత. పైకప్పును కర్రతోనో గడ్డపారతోనో తట్టి చూస్తారు. గట్టిగా ఖంగుమంటే పరవాలేదు. బోలుగా, డప్పు కొట్టినట్టు పలికితే పైన పొర విడిపోయి ఉంది, ఆ కింద ఎవరూ నిలబడకూడదు. సర్దార్ అక్కడ పని ఆపేస్తాడు, ఆసరా పెట్టిస్తాడు. ఆ షిఫ్టులో బొగ్గు కొంత తగ్గుతుంది. కప్పు కూలలేదు, ఎవరూ చనిపోలేదు, పేపర్లో వార్త రాలేదు. ఏమీ జరగకపోవడమే ఆయన సాధించింది. ఎక్కువ బొగ్గు తీసిన గనికి షీల్డు ఇవ్వడం తేలిక. పని ఆపించి ప్రాణాలు నిలిపినవాడిని వెతికి పట్టుకుని పేరు చదవాలంటే, పైవాడు రోజూ కిందికి దిగి చూస్తూ ఉండాలి.

ఇక్కడిదాకా మెప్పు గురించి చెప్పాను. ఇప్పుడు డబ్బు గురించి చెప్పాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే చాలా కార్యాలయాల్లో, కంపెనీల్లో చిక్కులు వస్తున్నాయి.

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి, పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు రెండువందల మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను విచారించాడు. ఉద్యోగంలో మీకు బాగా తృప్తినిచ్చిన సందర్భం చెప్పండి, బాగా విసుగెత్తిన సందర్భం చెప్పండి అని. 1959లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. తృప్తి గురించి చెప్పినప్పుడు వాళ్ల నోట ఎక్కువగా వచ్చినవి సాధించిన పని, దక్కిన గుర్తింపు. విసుగు గురించి చెప్పినప్పుడు వచ్చినవి సంస్థ నియమాలు, పైఅధికారి తీరు, జీతం, పని పరిస్థితులు. ఆయన పద్ధతి మీద తర్వాత విమర్శలు వచ్చాయి గానీ, ఆయన తేల్చిన ఒక విషయం నాకు అక్షరాలా నిజమనిపిస్తుంది. జీతం తక్కువైన లోటును శాలువా పూడ్చదు, మెప్పు లేని లోటును జీతం పూడ్చదు. ఒకటి ఇచ్చి రెండోది చెల్లు వేయలేం.

డబ్బును దయ కింద లెక్కగట్టకూడదన్న సంగతి మన దేశం ఒక సమ్మె ద్వారా నేర్చుకుంది. 1917లో అహ్మదాబాద్‌లో ప్లేగు వచ్చింది. జనం ఊరొదిలి పోతున్నారు. మిల్లులు ఆగిపోతాయని భయపడ్డ యజమానులు, ఊళ్లో ఉండి పనికి వచ్చిన నేత కార్మికులకు ప్లేగు బోనస్ ఇచ్చారు. కొందరికి అది జీతంలో 70 శాతం దాకా ఉండేది. ప్లేగు తగ్గాక, 1918 మొదట్లో, దాన్ని ఎత్తేస్తామన్నారు. మా దయకొద్దీ ఇచ్చాం, ఇప్పుడు ఆపేస్తున్నాం అన్నది వాళ్ల వాదన. కార్మికుల కొంపల్లో చూస్తే మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ధరలు మండిపోతున్నాయి. జీతం 50 శాతం పెంచమని వాళ్లు అడిగారు, 20కి మించి కుదరదన్నారు యజమానులు. గాంధీజీ లెక్కలన్నీ చూసి 35 శాతం న్యాయమన్నారు. ఒకపక్క యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయ్, మరోపక్క కార్మికుల తరఫున నిలబడినది ఆయన సొంత అక్క అనసూయా సారాభాయ్. ఫిబ్రవరి 22న లాకౌట్ మొదలైంది. మార్చి 15న గాంధీజీ నిరాహార దీక్షకు కూర్చున్నారు, మూడు రోజులకు మధ్యవర్తిత్వానికి ఒప్పందం కుదిరింది. చివరికి మధ్యవర్తి ఇచ్చిన తీర్పు కూడా 35 శాతమే.

అదే కాలంలో బొంబాయి మిల్లుల్లోనూ యుద్ధకాలపు లాభాల్లోంచి బోనస్ ఇచ్చారు. 1917లో 10 శాతం, మరుసటి ఏడాది 15 శాతం. తర్వాత ఆపేస్తే 1924లో పెద్ద సమ్మె జరిగింది. దాన్ని విచారించిన కమిటీ, బోనస్‌ను హక్కుగా అడిగే అధికారం కార్మికులకు లేదని తేల్చింది. అప్పటి నుంచి ట్రిబ్యునళ్లు, సూత్రాలు, 1961లో ఒక బోనస్ కమిషన్. ఇవన్నీ దాటాక 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. ఇప్పుడు కనీస బోనస్ 8.33 శాతం, అంటే ఏడాది వేతనంలో పన్నెండో వంతు. గరిష్ఠం 20 శాతం. 2019 నాటి వేతనాల స్మృతిలో ఈ ఏర్పాటును కూడా కలిపారు. దసరాకో దీపావళికో బోనస్ ఇస్తూ “మా యజమాని ఎంత మంచివాడో” అనిపించుకోవాలని చూసే వాళ్లకు ఈ చరిత్ర తెలియాలి. చట్టం ప్రకారం ఇవ్వాల్సినది ఇచ్చి బహుమానమని పేరు పెట్టకూడదు. బహుమానం ఆ పైన మొదలవుతుంది.

ఆ పైన ఇచ్చేదానికి మన దగ్గర పెద్ద ఉదాహరణ మళ్లీ సింగరేణే. 1990ల్లో నష్టాలతో రెండుసార్లు, ఖాయిలా పడ్డ సంస్థల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కిన సంస్థ అది. తేరుకుని లాభాల్లోకి వచ్చాక 1999-2000లో లాభంలో 10 శాతం కార్మికులకు పంచడం మొదలుపెట్టింది. తెలంగాణ వచ్చాక ఆ వాటా 20లు దాటి 30లకు చేరింది. 2023-24 సంవత్సరానికి 33 శాతం, మొత్తం 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. సగటున ఒక్కో కార్మికుడికి దాదాపు 1 లక్షా 90 వేలు. మరుసటి ఏడాది 34 శాతం, 819 కోట్లు. దసరా ముందు ఆ డబ్బు పడితే కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి బజార్లు ఎలా కళకళలాడతాయో చూసినవాళ్లకు తెలుసు. బంగారం కొట్టు నుంచి బట్టల కొట్టు దాకా అందరికీ అదే పండగ.

ఈ వాటాలో నాకు నచ్చింది దాని పంపిణీ. ఎన్ని మస్టర్లు, అంటే హాజర్లు, పడ్డాయి, ఎన్ని నాగాలున్నాయి, పనిచేసింది భూగర్భంలోనా, ఓపెన్‌కాస్ట్‌లోనా, ఉపరితలంలోనా అన్నది లెక్కలోకి వస్తుంది. భూమి లోపల చెమటోడ్చినవాడికి మస్టరుకు ఎక్కువ. సూపర్‌వైజరుకు ఇష్టుడా కాదా అన్న ప్రశ్న రాదు. కార్మికుడు తన కాగితం తాను చూసుకుని లెక్క సరిచూసుకోగలడు. నెలాఖరున గదిలోకి పిలిచి కవరు చేతికిచ్చి “ఎవరికీ చెప్పొద్దు” అనే ప్రైవేటు కంపెనీల పద్ధతి కంటే ఇది వెయ్యి రెట్లు గౌరవమైనది. గుట్టుగా ఇచ్చిన బహుమానం పుచ్చుకున్నవాడికి బెరుకును, పక్కవాడికి అనుమానాన్ని మిగులుస్తుంది.

దీని మీదా పేచీ ఉంది, అది న్యాయమైన పేచీ. 2023-24లో మొత్తం నికర లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కనబెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. మొత్తం లాభం మీద చూస్తే అది 17 శాతం లోపే. కార్మిక సంఘాలు అడిగింది ఇదే. కొత్త గనులకు, ప్లాంట్లకు డబ్బు కావాలన్న మాట నేను కాదనను. ఏ మొత్తం మీద కడుతున్నారో ముందే కార్మికులతో కూర్చుని తేల్చుకుంటే ఏటా ఈ రగడ ఉండదు.

అంతకంటే నన్ను కలచివేసేది కాంట్రాక్టు కార్మికుల సంగతి. బొగ్గు మీది మట్టి (ఓవర్‌బర్డెన్) తీసేవాళ్లు, బొగ్గు లారీలు నడిపేవాళ్లు, ఊడ్చి శుభ్రం చేసేవాళ్లు, కాపలా కాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. 2024లో తొలిసారి వాళ్లకూ లాభంలో కొంత ఇచ్చారు, మనిషికి 5,000 రూపాయలు. మరుసటి ఏడాది 5,500. వాళ్లను లెక్కలోకి తీసుకున్నందుకు సంతోషించాలి, అది చిన్న అడుగేమీ కాదు. కానీ ఒకే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య 1 లక్షా 90 వేలకూ 5 వేలకూ ఉన్న దూరం చూడండి. ముప్పై ఎనిమిది రెట్లు. మస్టరు లెక్కనే వాళ్లకూ వర్తింపజేయడం మొదలుపెడితే, రేటు తక్కువైనా సరే, ఆ ఐదు వేలు దయాధర్మం స్థాయి నుంచి వాటా స్థాయికి వస్తాయి.

చివరగా ఆశా కార్యకర్తల మాట. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన వ్యవస్థ ఇది. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు. గర్భిణుల పేర్లు నమోదు చేయడం, కాన్పుకు ఆసుపత్రికి తోడు వెళ్లడం, టీకాల రోజున ఇంటింటికీ తిరిగి తల్లుల్ని పిల్లల్ని కదిలించడం, క్షయ రోగి మందు మింగాడో లేదో చూడటం వాళ్ల పని. కరోనా రోజుల్లో మనం తలుపులు బిగించుకుని కూర్చుంటే, చేతిలో కాగితాల కట్టతో గడప గడపకూ వచ్చి జ్వరం ఉందా అని అడిగింది వాళ్లే. 2022 మే 22న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి, ఆరోగ్య రంగంలో ప్రపంచ నాయకులకిచ్చే పురస్కారాన్ని మన దేశపు పది లక్షల మందికి పైగా ఉన్న ఆశాలకు ప్రకటించారు. ప్రపంచంలో ఇంతకు మించిన మెప్పు ఒక పనివారి సమూహానికి ఎప్పుడు దక్కింది చెప్పండి? ఆ రోజుకీ వాళ్లు కాగితాల మీద స్వచ్ఛంద సేవకులే. వచ్చేది జీతం కాదు, పారితోషికం, ప్రోత్సాహకం.

రాష్ట్రాలు కొంత కదిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాళ్ల పారితోషికాన్ని నెలకు 10,000 రూపాయలు చేశారు. 2025 మార్చిలో గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన సెలవు, పదవీ విరమణ వయసు 62 ఏళ్లకు పెంపు ఒప్పుకున్నారు. ఎన్నో కాన్పులకు తోడు వెళ్లిన మనిషికి తన కాన్పుకు సెలవు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది. తెలంగాణలో ఆశాలు నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం కావాలని రోడ్డెక్కారు. పీఎఫ్, ఈఎస్ఐ కూడా వాళ్ల కోరికల్లో ఉన్నాయి, తమను ఉద్యోగులుగా రాసుకోవాలన్నది అన్నిటికంటే పైనుంది.

మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఈసారి ఆమె టీకాల గురించి చెప్పడానికి వచ్చినప్పుడు, ఆ 18,000 లెక్క ఎలా వచ్చిందో ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి అడిగి వినండి. నెలలో ఎన్ని ఇళ్లు తిరుగుతుందో, ఎన్ని రిజిస్టర్లు రాస్తుందో, ఫోన్ రీఛార్జి ఎవరి డబ్బుతో చేయించుకుంటుందో ఆమే చెబుతుంది.